పంపుల చప్పుడు విన్న మేడమ్ గారికి

పందొమ్మిది వందల తొంభై మూడు జూన్ పద్నాలుగున మా నీటి సరఫరా పరిశోధనా విభాగంలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన మేడమ్ గారు, ఆ హోదాకు ఒక్క మెట్టు మాత్రమే పైన నిలిచి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అభినందనలు మాత్రమే రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం కోరింది. ఒళ్ళు మండుతోంది కనుక అభినందనలూ ఆగ్రహమూ రెండూ కలిపి రాస్తున్నాను.

తొలి పదేళ్ళు నీటి ఒత్తిడి లెక్కలకు వెచ్చించి, తదనంతరం వారు, ఉదాహరణల నుంచి నేర్చుకొనే కంప్యూటర్ వ్యవస్థలైన న్యూరల్ నెట్‌వర్కుల అధ్యయనానికి అంకితమయ్యారు. ఏ పంపు మంచిదో ఏది చెడ్డదో చెప్పకుండా, కేవలం చప్పుళ్ళు వినిపించి, నెట్‌వర్కు తనంతట తానే నేర్చుకొనేలా తీర్చిదిద్దారు. విన్నదాన్ని కొద్ది అంకెల్లోకి కుదించి, వాటి నుంచి ఆ చప్పుడును తిరిగి నిర్మించడమే దాని పని. రోజూ వినే చప్పుడును అలా తిరిగి కట్టడం తేలిగ్గా కుదురుతుంది, కొత్తదాన్ని కట్టడం కుదరదు. ఆ కుదరనిదానిలోనే సమాచారం ఎక్కువ.

ఇది నా బుర్రకెక్కక ఒకసారి క్యాంటీన్‌లో అడిగాను.

"మన డైరెక్టర్ గారు మీటింగులో నోరు తెరవగానే, తర్వాత ఏమంటారో నీకు తెలిసిపోతుందా లేదా?" అన్నారు మేడమ్.

"తెలుస్తుందండీ."

"మరి ఆ మాటల్లో సమాచారమెంత?"

"సున్నా అండీ."

"అదే ఆయన 'తప్పు నాదే' అన్నారనుకో, కుర్చీలోంచి పడిపోతావు. అదీ సమాచారమంటే!"

వెనక బల్ల దగ్గర డైరెక్టర్ గారే టీ తాగుతున్నారని మాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నాళ్ళకు పై అధికారుల ముందు నెట్‌వర్కుకు పరీక్ష పెట్టారు. రికార్డులు శుభ్రంగా ఉండాలంటూ డైరెక్టర్ గారు, అరుదుగా వినబడే టకటకలన్నిటినీ రొద కింద జమకట్టి తుడిపించేశారు. పాడైన పంపును నెట్‌వర్కు పట్టలేకపోయింది. పట్టవలసిన చప్పుడే అందులో లేదు మరి! "పద్ధతి పనికిరాదు" అన్న వాక్యం నివేదికకెక్కింది, మేడమ్ గారి ప్రమోషన్ ఆగిపోయింది.

మేడమ్ గారు తుడవకముందటి రికార్డులు సంపాదించి మళ్ళీ వినిపించారు. ఈసారి నెట్‌వర్కు ప్రధాన పంపు చప్పుడును తిరిగి నిర్మించలేక తడబడింది. విప్పి చూస్తే బేరింగు అరిగిపోయి ఉంది. ఊరంతటికీ నీళ్ళు ఆగిపోయే గండం అలా తప్పింది.

"సర్, ఆ ఒక్క వాక్యం తీసేయించండి" అని వారు అడిగితే, "ఇప్పుడదంతా ఎందుకు లెండమ్మా?" అన్నారు డైరెక్టర్ గారు. ఎందుకా? మేడమ్ గారి అమ్మాయి ఇదే రంగంలో పరిశోధన చేస్తోంది. తల్లి చేసిన పని గురించి వెతికితే ఆ పిల్లకు మొట్టమొదట కనబడేది ఆ వాక్యమే. మనకు సిగ్గుండాలి.

మేడమ్ గారు సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ కార్యాలయం ఆ వాక్యాన్ని కొట్టేయడం కళ్ళారా చూడాలంటే, మామూలు ఆయుష్షు సరిపోదు.