ప్రారంభోత్సవం జరిగిన పేజీ

తర్లుపాడు గొర్రెల పెంపకందారుల సంఘం వెబ్‌సైటును ప్రారంభించి, అతిథులను సాగనంపి వచ్చిన అధ్యక్షుడు మస్తానయ్య మెడలో దండ ఇంకా అలాగే ఉంది. ఆఫీసులో సర్వర్ పెట్టిన రమణి మాత్రం కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

“మామా, ఇందాక మీరు తెరిచింది మన సైటు కాదు.”

“ఏందమ్మాయ్ నువ్వనేది? ఇంగ్లీషులో అంత బాగా వచ్చింది గదా! అందరూ చప్పట్లు కొట్టినారు.”

“అది సాఫ్ట్‌వేర్ వెయ్యంగానే తనంతట తనే చూపించే పేజీ. సర్వర్ పనిచేస్తాంది అని చెప్తాది, అంతే. మన పేజీలు నేనొక ఫోల్డర్లో పెడితే, అది ఇంకో ఫోల్డర్లో వెతుకుతాంది.”

“ఎవురన్నా కనిపెట్టినారా?”

“లేదు. కానీ రేపు గొర్రెలకు టీకాలు ఏ ఊర్లో వేస్తారో అందులోనే చూసుకోమని చెప్పినాం గదా మామా!”

“అయితే నిలబడి చూస్తావేందమ్మా, తొందరగా కానీ!”

రమణి ఫోల్డర్ దారి సరిచేసి, సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టింది. ఊళ్ల పేర్లు, టీకాల వేళలు తెలుగులో తెర నిండా వచ్చాయి.

మస్తానయ్య అప్పటికే అతిథుల్లో ఒకరికి ఫోన్ కలిపి చెవికి ఆనించాడు.

“అన్నా, ఇందాక మీరు చూసినారే, ఆ ఇంగ్లీషుది తీసేయించినా. మన రైతులకు అర్థం కావాల గదా, గంటలో మొత్తం తెలుగులోకి మార్పించినా!”