తగలని రాయికి రాసేదేముంది

నగొద్దప్పా భూపేష్, సిగ్గుండాల. లారీ కింద పడబోయి తప్పిచ్చుకోని వచ్చి, ‘క్లోజ్ షేవ్ తాతా’ అని పళ్ళికిలిస్తాండావే! ఆ మాట ఇంటే నాకు హెన్రీ మేస్త్రీ గుర్తుకొస్తాడు. నువ్వు పుట్టకముందే పోయినాడులే. ఎర్రగుంట్ల తట్టు రాళ్ళగనిలో మా మేస్త్రీ. మిషన్ బళ్ళో సదివినోడు, ఇంగ్లీషు వచ్చని శానా గర్వం. ‘మంగలి కత్తి తోలును రాసుకోని పోయి గూడా తెగలేదనుకో, అదిరా క్లోజ్ షేవంటే’ అని ఆయప్పే చెప్పినాడు. సరే, అది అర్థమయింది. ఇంగోటి చెప్తాండె, పంటి చర్మంతో తప్పిచ్చుకున్నామని. బైబిల్లో యోబు మాటంట. పంటికి చర్మం యాడుంటాదప్పా? పాస్టరయ్యను అడిగితే ‘లేదు గాబట్టే ఆ మాట’ అన్నాడు. లేనిదాంతో ఎట్ల తప్పిచ్చుకుంటారు? ఇప్పటికీ తిక్కతిక్కగానే ఉండాది నాకు. ఏం చెప్తాంటి? ఆఁ, హెన్రీ సంగతి.

గనిలో ఒక పుస్తకం పెట్టింటిరి, అట్టమీద ‘నియర్ మిస్’ అని. మందు పేల్చినప్పుడు రాయి ఎగిరి మనిషికి తగలబోయి తప్పినా మేస్త్రీ దాంట్లో రాయాల. రాస్తే ఇంజినీరొచ్చి, మనుషులు నిలబడే చోటు మార్పిస్తాడు. ఒకనాడు హెన్రీ బామ్మర్ది సుందరం చెవి పక్కనే రాయి దూసకపాయ. వాడు పరిగెత్తుకోనొచ్చి ‘బావా, రాయి... రాయి’ అంటాండాడు. రాయి వచ్చిందంటాండాడో, పుస్తకంలో రాయమంటాండాడో! హెన్రీ నగినాడు. ‘ఒరే, నియర్ అంటే దాదాపు. దాదాపు తప్పిందంటే తగిలిందనే గదరా! నీకు తగిల్యా? తగలని రాయికి రాసేదేముంది? పో, మీ అక్క సంగటి పంపిచ్చింది, తినుపో’ అన్నాడు. మేమూ నగినాం. నేనూ నగినా. ఇప్పుడు బళ్ళో ఇంగ్లీషు చెప్పే ఉమామహేశ్ సారేమో ‘దగ్గరికొచ్చి తప్పిందని అర్థం’ అంటాడు. అట్లయితే దాదాపు సచ్చినాడంటే బతికినాడనే గదా? మరి దాదాపు తప్పిందంటే? నాకు తేలదప్పా. ఆ పొద్దు హెన్రీ ఇంజినీరునొక మాట అడిగింటే పోయేది. అడిగితే నామోషీ ఆయప్పకు.

మూడోనాడు అదే చోట నిలబడిండె సుందరం. రాయి నెత్తికి తగిల్య. ఆస్పత్రి దాకా గూడా రాలేదు.

హెన్రీని పనిలోంచి తీసేసినారు. అది పెద్ద శిచ్చ గాదులే. సుందరాన్ని ఆయప్ప పెండ్లాం రత్నమణి తల్లి లేని బిడ్డని సంకలో ఏసుకోని సాకింది. తమ్ముణ్ణి మట్టి చేసొచ్చిన పొద్దునుంచి ఆయమ్మ మొగునికి కూడు పెట్టింది, గుడ్డలుతికింది, జరమొస్తే కాళ్ళొత్తింది. పదకొండేండ్లు, హెన్రీ సచ్చేదాకా, ఆయప్పతో ఒక్క మాట మాట్లాడలా.