భూలోకమ్మత్త పేరున కొన్న బండి

భూలోకమ్మ అని మా మేనత్త. బండి హ్యాండిలు ముట్టుకుని ఎరగని మనిషి, బండి నడిపిన నేరానికి కోర్టు మెట్లెక్కింది. ఏమైందంటే, ఆవిడ కొడుకు అబ్బులు ఇంటింటికీ పాలు పోసేవాడు. సైకిలు తొక్కీ తొక్కీ మోకాళ్లు పోయి, మోటారుసైకిలు కొనుక్కుంటానన్నాడు. మా ఇళ్లల్లో సిద్ధాంతిగారిని అడక్కుండా దూడనైనా కొనరు కదమ్మా. ఆయన వేళ్లు మడిచి చూసి, నీ పేరున వాహనం అచ్చిరాదురా, మీ అమ్మ పేరున తీసుకో అన్నాడంట. సరే, ఆవిడ పేరునే రాయించారు. ఆవిడ పసుపు రాసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, దణ్ణం పెట్టుకుంది. ఆ బండితో ఆవిడకున్న సంబంధం అంతే.

వీడేమో అటో క్యాను ఇటో క్యాను తగిలించుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఊళ్లమ్మట తిరిగేవాడు. హెల్మెట్టు పెట్టుకోరా అంటే, "ప్రతి గుమ్మం దగ్గరా తీసి పెట్టుకుంటుంటే పొద్దెక్కిపోద్దే అమ్మా" అనేవాడంట. కూడలిలో కెమెరా ఫొటో తీసింది, జరిమానా కట్టమని మెసేజీ వచ్చింది. ఊరుకున్నాడు. మళ్లీ తీసింది, మళ్లీ ఊరుకున్నాడు. చివరికి ఓ రోజు కానిస్టేబులు వచ్చి, భూలోకమ్మంటే ఎవరండీ అన్నాడంట. ముగ్గేస్తున్న ఆవిడ "నేనే బాబూ" అంది. "హెల్మెట్టు లేకుండా బండి నడుపుతున్నారంట, కోర్టుకి రావాలి" అని కాగితం ఇచ్చి, ఆవిడ మొహం చూసి అతనికే నవ్వాగలేదంట.

అబ్బులుకి మాత్రం నవ్వు రాలేదు. నడిపింది నేనేనని ఒప్పుకుంటే జరిమానాతో పోదు, మూణ్ణెల్లు లైసెన్సు ఆపేస్తారు. పాలు ఆగుతాయా? వాడుక ఇళ్లవాళ్లు ఇంకోడి దగ్గర పోయించుకుంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. కోర్టురోజు ఏకాదశి అనుకో, పచ్చి మంచినీళ్లు ముట్టదు. మేజిస్ట్రేటుగారు బండి ఎవరు నడిపారమ్మా అంటే, జన్మలో అబద్ధమాడని మనిషి, "నేనే బాబూ" అందంట. "లైసెన్సుందా?" "లేదు బాబూ." "అయితే అది ఇంకా పెద్ద నేరం, జైలు కూడా పడొచ్చు. పైగా ఫొటోలో నీకు మీసం ఉందమ్మా." కోర్టంతా నవ్వారంట. ఆయన నవ్వలేదు. "ఆ బల్ల మీద కూర్చో. కోర్టు లేచేలోపు ఆలోచించుకుని చెప్పు" అన్నాడు.

కూర్చుంది. తులసిపూసలు తిప్పుకుంటూ కూర్చుంది. తాగి నడిపినవాడొకడు వచ్చాడు, ఫోను మాట్లాడుతూ నడిపినవాడొకడు, పదోక్లాసు కొడుక్కి బండిచ్చిన తండ్రొకడు. అందరికీ పడుతున్నాయి శిక్షలు. ఈవిడ పెదాలు ఎండిపోయాయి, అయినా కూర్చునే ఉంది. అబ్బులు గుమ్మంలోంచి, "అమ్మా, గుక్కెడు నీళ్లు తాగవే" అన్నాడంట. "నోరు ఎలాగూ చెడింది, ఉపవాసమన్నా మిగలనీరా" అందంట. అప్పుడు, చూడమ్మా, వాడు గబగబా లోపలికి వెళ్లి, "అయ్యా, ఆ మీసం నాది" అన్నాడు.

జరిమానా కట్టాడు, లైసెన్సు మూణ్ణెల్లు పోయింది. మోకాళ్లకి నూనె రాసుకుంటూ మళ్లీ సైకిలు తొక్కాడు. వాడుక ఇళ్లు సగం పోనే పోయాయి. సిద్ధాంతిగారి దగ్గరికెళ్లి మొరపెట్టుకుంటే, "తప్పు నీ పేరున ఒప్పుకున్నావు, మరి అచ్చిరాదని ముందే చెప్పానా లేదా?" అన్నాడంట.

ఏం చెప్పను తల్లీ. అత్త వెళ్లిపోయింది, ఆ దేవుడి పాదాల దగ్గరే ఉండి ఉంటుంది. బండి మాత్రం ఇంకా ఆవిడ పేరునే ఉంది. మొన్న కూడలిలో మళ్లీ ఫొటో పడిందంట, హెల్మెట్టు క్యానుకి వేలాడుతూ. ఈసారి ఆ బల్ల మీద ఎవరు కూర్చుంటారో మరి.