ఒకే పేరుతో రెండు దుకాణాలు

"బట్టలు కోసే కత్తెరతో మళ్ళీ పాల ప్యాకెట్ కోశావా?"

"ఒక్క ప్యాకెట్టుకే అరిగిపోయిందా వదినా?"

మరిది మాటకి వదినకి ఒళ్ళు మండింది. మూడు రోజులుగా ఆమె కుట్టు మిషన్ ఖాళీగా ఉంది.

"యాప్ తయారైందన్నావు. నలభైమందికి ఫోన్ చేసి మన షాపు పేరు వెతకమన్నాను."

"ముందు ఐఫోన్లకే వచ్చిందని చెప్పాగా!"

"ఎప్పుడు? వాళ్ళు వెతికాక! మామూలు ఫోన్లలో అదే పేరుతో ఇంకో టైలరింగ్ షాపు యాప్ ఉంది. అందరూ కొలతలు దాన్లోనే పెట్టారు. ఆ షాపువాళ్ళు ఇళ్ళకొచ్చి గుడ్డలు పట్టుకెళ్ళారు."

"పేరు కలిస్తే నా తప్పా? నెలరోజుల్లో మామూలు ఫోన్లకీ తెస్తాను."

"నా దగ్గర కుట్టించుకునేవాళ్ళలో ఐఫోన్ ఎవరికుంది? నీ స్నేహితులకి చూపించుకోవడానికి చేశావు, నా కోసం కాదు."

"ఊరికే చేసిపెట్టినందుకు బాగానే బుద్ధి చెప్పారు!"

మధ్యాహ్నం ఆమె భర్త కూడా వచ్చి కూర్చున్నాక, ముగ్గురికీ వడ్డించి అప్పుడు చెప్పింది.

"సోమవారం నుంచి ఆ రెండో షాపులో కటింగ్ పనికి వెళ్తున్నాను. పని ఎక్కువై మనిషి కోసం చూస్తున్నారట. నావాళ్ళంతా అక్కడే ఉన్నారుగా."