అరుగు దాటని వ్యాసం

“వాస్తుకళా చరిత్రలో అరుగుకు దక్కవలసిన గౌరవం ఇంతవరకూ దక్కలేదు” అని కడపలో కాలేజీ క్యాంటీను బల్ల ముందు కూర్చుని అతను గంభీరంగా సెలవిచ్చాడు. ఎదుట కూర్చున్నది అతని సహాధ్యాయిని. ఇద్దరూ ఆర్కిటెక్చర్ పీజీ విద్యార్థులు. బద్వేలులోని ఒకే పాత మిద్దె మీద చెరొక పరిశోధనా వ్యాసం రాస్తున్నారు. గైడు సెమినారుకు పంపేది ఒక్కదాన్నే.

“అరుగు మీదనే నూరు పేజీలు రాసినావంట కదప్పా?”

“అది దాటి నన్ను యాడ రానిచ్చినారు? మగపిల్లోనికి లోపలేం పని అని ఆ ఇంటి అవ్వ గడపకు అడ్డం కూచునింది. నీకేం, నేరుగా వంటింట్లోకే పిలిచింది.”

“పిలిచింది.”

“పొద్దుగూకేదాకా ఆడనే ఉంటివి.”

“ఉంటి.”

గర్భగుడి మరిచి గోపురం మాత్రమే లేపిన ఆలయంలా తన వ్యాసం అతని కళ్లకు కట్టింది. అసూయకు అభినందన తొడిగి అన్నాడు:

“ఇంక సెమినారు నీదేలే. సారు గూడా వంటిల్లు, వంటిల్లు అని జపం చేస్తాండారు. ఆ కొలతలు ఒకసారి చూపీ, కళ్లకద్దుకుంటా.”

“కొలతలు యాడియప్పా? లోపలికి పోతానే చేతికి గుడ్డ ఇచ్చినారు. దినమంతా ఊరగాయకు మామిడికాయ ముక్కలు తుడుస్తా కూచున్నా.”