కట్ల మామ నదికి కట్టిన కట్టు

ఆసుపత్రి క్యాంటీన్‌లో కట్ల మామ నోరు విప్పాడంటే పొయ్యి మీద టీ పొంగిపోయినా ఎవడూ పట్టించుకోడు. ముప్పై ఏళ్లుగా క్యాజువాల్టీలో డ్రెస్సర్. కట్లు కట్టీ కట్టీ ఆ పేరే మిగిలింది. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ రోజు ఆ నోటికి గట్టి పనే పడింది. రెండు గంటలకి క్లాసు. ధారగా కారే రక్తాన్ని ఎలా ఆపాలో డాక్టరీ చదివే పిల్లలకీ, డ్రైవర్లకీ, వార్డు పనివాళ్లకీ నేర్పే క్లాసు అది. పోయిన నెల నలభై మందికి నేర్పాడు. చివర్లో పరీక్ష పెట్టారు. లోతుగా గాటు పెట్టిన రబ్బరు తొడ, లోపల గొట్టం, గొట్టంలో ఎర్ర నీళ్లు. గాటులో గుడ్డ కుక్కి, మూడు నిమిషాలు నొక్కి ఆపాలి. ఆపినవాళ్లు పదకొండు మంది. మిగతా ఇరవై తొమ్మిది మంది గది నిండా ఎర్ర నీళ్లు పారించారు. "చూడవయ్యా, ఈసారి కూడా ఇలాగే అయితే నీ బదులు గోడ మీద వీడియో వేయిస్తాను" అని సూపరింటెండెంటు అమ్మగారు తేల్చి చెప్పేసింది.

వీడియో! ఆ మాట మామకి పుండు మీద కారం చల్లినట్టు మండింది. పదో తరగతి గట్టెక్కనివాడు, వార్డు తుడుస్తూ మొదలుపెట్టి, పెద్ద డాక్టర్ల తిట్లు తిని, ఒక్కో మెట్టూ గోళ్లతో పాకి నేర్చుకున్న పని ఇది. దాన్ని గోడ నేర్పుతుందా? పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో అతనికి అంతు పట్టలేదు. చివరికి, తన కథలో పస చాల్లేదని తీర్మానించుకున్నాడు. అందుకే క్లాసుకి అరగంట ముందు క్యాంటీన్‌లో దొరికినవాళ్ల మీద కథకి సాన పడుతున్నాడు.

ఎదురు బల్ల మీద తెల్లకోట్ల పిల్లలు నలుగురు, పక్కన అంబులెన్సు డ్రైవరు, బల్ల చివర టీ గ్లాసు ఊదుకుంటూ ముసలి ఆయా.

"మొదటిది చిన్న సంగతేలే," అని గొంతు సవరించుకున్నాడు మామ. "ఒక వడ్రంగి. ఉలి జారి తొడలో దిగింది. బోరింగు కొట్టినట్టు చిమ్ముతోంది రక్తం. డాక్టరుగారు చూస్తే నాలుగో అంతస్తులో, లిఫ్టు చూస్తే పాడు. నేనేం చేశాను? గుడ్డ తీశాను, గాయంలో అడుగు నుంచి కుక్కాను, రెండు చేతులూ వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపాను. అంతే, ఆగింది! ఆగడమంటే అలా ఇలా కాదు, నా నొక్కుడికి జడిసి గోడ మీద గడియారం కూడా ఆగిపోయింది!"

"గడియారం ఏం పాపం చేసింది మామా?" అంది రెండు జడల అమ్మాయి.

"అక్కడున్న పాపానికి ఆగింది తల్లీ. అలా ఎంతసేపు పట్టుకున్నానో తెలుసా?"

"పది నిమిషాలా?" అన్నాడు కళ్లజోడు కుర్రాడు. పోయిన నెల తప్పి, మళ్లీ క్లాసుకొచ్చిన ఇరవై తొమ్మిది మందిలో ఒకడు.

"పది నిమిషాలు మీ పుస్తకంలో. నేను మూడు గంటలు! డాక్టరుగారు వచ్చి 'ఇక వదులు' అంటే నా చేయి రాదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా అప్పుడే బస్సు బోల్తా పడి జనం కుప్పలుగా వచ్చి పడ్డారు. కుడి చేయి వడ్రంగి మీద, ఎడమ చేయి కండక్టరు భుజం మీద, కుడి మోకాలు ఒక పెళ్లికొడుకు పిక్క మీద, ఎడమ మడమ ఎవరి మీదో నాకిప్పటికీ తెలీదు..."

"మరి నిలబడింది దేని మీద మామా?" అన్నాడు డ్రైవరు.

"ధైర్యం మీదరా అల్లుడూ!"

బల్లంతా నవ్వింది. ఆ నవ్వు మామకి నిప్పులో నెయ్యి పోసినట్టయింది.

"ఇదంతా ఒక ఎత్తు, డ్యామ్ ఒక ఎత్తు. ఊరి పైనున్న డ్యామ్‌కి గండి పడింది. ఇంజినీర్లు బస్తాలు వేశారు, బండలు వేశారు, ఊహూఁ. వాళ్లలో పెద్దాయన, పాపం తెలివైనవాడు, 'ఇది మన వల్ల కాదు, కట్ల మామని పిలవండి' అన్నాడు. జీపు వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న గాజ్ గుడ్డంతా జీపులో వేయించాను. చాల్లేదు. దుప్పట్లు వేయించాను. చాల్లేదు. చివరికి డాక్టర్ల తెల్లకోట్లు విప్పించాను! గండిలో మూలమూలకీ వేలితో కుక్కాను, పైపైన కాదు, అడుగు నుంచి, రాసుకోండి! కుక్కి వీపు ఆనించి నొక్కానా, నది వెనక్కి తిరిగి కొండెక్కింది! చేపలు నా దగ్గరికొచ్చి 'మామా, మా ఇల్లెటు?' అని అడిగాయి. అప్పటికీ సన్నగా చెమ్మ కనబడుతోంది. ఇలా లాభం లేదని గాయానికి నాలుగు వేళ్ల పైన, అంటే గండికి అరమైలు పైన, బిగింపు పట్టీ వేసి తాటిచెట్టంత కర్రతో మెలి తిప్పాను. కింద ఏడూళ్లలో కుళాయిలు మూగబోయాయి!"

"పట్టీ కట్టిన టైము రాశావా? రాయకపోతే కాలు పోయినా పోతుందని నువ్వే చెప్పావు," అన్నాడు డ్రైవరు.

"రాయకుండా ఉంటానా? కొండకి సున్నంతో రాశాను. పదీ నలభై. చందమామ మీద నిలబడితే ఇప్పటికీ కనబడుతుంది!"

పిల్లలు కడుపులు పట్టుకున్నారు. కళ్లజోడు కుర్రాడు మాత్రం నవ్వలేదు. "మామా, పోయిన నెల మీరు చెప్పినట్టే కుక్కాను, బరువేశాను. మరి నా తొడ ఎందుకు కారింది?"

"నీకు నమ్మకం చాల్లేదు నాయనా."

ఆయా గ్లాసు కింద పెట్టింది. "నమ్మకం కాదు బాబూ. మధ్యలో గుడ్డ ఎత్తి చూశావు."

కుర్రాడు తల గోక్కున్నాడు. "ఒక్కసారే. ఆగిందో లేదో అని."

"ఇరవై తొమ్మిది మందీ ఒక్కసారే చూశారు. ఆ నీళ్లు తుడిచింది నేను కాబట్టి నాకు తెలుసు. మూకుడు మీద మూత కాదుగా, ఎత్తి చూడ్డానికి! గడ్డకట్టబోయే రక్తం ఎత్తిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది."

"అదే కదా నేను మొదట్నించీ మొత్తుకునేది!" అన్నాడు మామ.

"ఎప్పుడు మొత్తుకున్నావు తమ్ముడూ? అన్నీ చెప్తావు, అదొక్కటి చెప్పవు. ఎందుకు చెప్పవో నాకు తెలుసు. ఆ వడ్రంగి మా ఆయన."

మామ ఆమె వైపు తిరిగాడు. ఆయాని ఇన్నేళ్లుగా చూస్తున్నాడు. కానీ ఆ రోజు ట్రాలీ పక్కనున్న ఆడమనిషి మొహం అతను చూడలేదు. చూసిందల్లా గుడ్డనే.

"అప్పటికి నువ్వు కొత్త. మూడుసార్లు ఎత్తి చూశావు. మూడుసార్లూ నీ మొహం మీదే చిమ్మింది. నాలుగోసారి ఎత్తబోతుంటే నీ చేతుల మీద నేనెక్కి కూర్చున్నాను. నీ చేయి రాలేదంటే రాదు మరి, మీద నేనున్నాను. మూడు గంటలు కాదు, పన్నెండు నిమిషాలు. గడియారం ఆగలేదు తమ్ముడూ. దాన్ని చూస్తూనే కూర్చున్నాను."



"ఇన్నాళ్లూ చెప్పలేదేం అక్కా?" అన్నాడు మామ.

"నీవల్లే బతికానని మా ఆయన చెప్పుకుంటాడు. మీరు కూర్చున్న బల్ల ఆయన చేసిందే. నేనెందుకు కాదనాలి? కానీ రేపు ఈ పిల్లల ముందు పడుకునేది రబ్బరు తొడ కాదు. ఎవరో ఒకరి మొగుడు."

గోడ గడియారం రెండు కొట్టింది.

క్లాసులో వెనక కుర్చీలో సూపరింటెండెంటు అమ్మగారు కూర్చుంది. గుమ్మం దగ్గర తుడుపుకర్రతో ఆయా నిలబడింది. మామ ముందుకొచ్చి, ముప్పై ఏళ్లలో మొదటిసారి కోతలు లేని మాట ఒకటి చెప్పాడు. "నేను మొదట నొక్కిన గాయం మీద మూడుసార్లు గుడ్డ ఎత్తి చూశాను. మనిషిని చంపినంత పని చేశాను. మీరు ఎత్తకండి."

అందరూ తొడల మీద చేతులు వేశారు. అర నిమిషం కాగానే కళ్లజోడు కుర్రాడి వేళ్లు గుడ్డ అంచు వెతుక్కోవడం మామ చూశాడు. వాడి చేతుల మీద తన చేయి వేసి, "చేతులు అక్కడ, చెవులు ఇక్కడ!" అని గర్జించాడు. "ఊరి పైనున్న డ్యామ్‌కి గండి పడింది..."

నది కొండెక్కింది, చేపలు దారి అడిగాయి, కొండ మీద సున్నం పడింది. నవ్వులో పడి గుడ్డ ఎత్తాలని ఎవరికీ తోచలేదు. కథ సరిగ్గా మూడు నిమిషాలకి ముగిసింది. కింద నేల పొడిగా ఉంది. సూపరింటెండెంటు అమ్మగారు లేచి వచ్చి గచ్చు మీద చెయ్యి రాసి చూసుకుంది. ఆ తర్వాత వీడియో మాట ఎత్తలేదు.

బయటికొస్తూ రెండు జడల అమ్మాయి ఆయాని ఆపి, చిన్న గొంతుతో అడిగింది. "అమ్మా, నిజం చెప్పండి. ఆ డ్యామ్ సంగతి..."

ఆయా తడవని తుడుపుకర్ర భుజాన వేసుకుంది.

"ఏమో తల్లీ, దాని మీద నేను కూర్చోలేదు."