నాలుగో బేస్ ప్లేయర్

అది 1986. షామ్‌బర్గ్‌లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అన్నయ్య హెవీ మెటల్ బ్యాండ్ ఉంది. అందులో చేరడానికి బేస్ గిటార్ వాయించి వినిపించి, పైకి, వంటింట్లో ఉన్న అమ్మ దగ్గరికి వచ్చింది చెల్లెలు.

"అన్నయ్య వాళ్ళు కింద డిసైడ్ చేస్తున్నారమ్మా. భయంగా ఉంది. ఇంతకుముందు ముగ్గురు బేస్ ప్లేయర్స్‌నీ నువ్వు విన్నావుగా, చెప్పు."

"నాకేం తెలుసే ఆ సంగీతం? ఈ అరలో ఉండే స్టీలు గిన్నెలకి తెలుసు. గ్రెగ్ కింద వాయిస్తే ఆ అదురుకి అన్నీ ఒక్కసారే మోగేవి."

"డానీ?"

"వాడికి తొందరెక్కువ. గ్లాసులు మాత్రం గలగలమనేవి."

"మరి టాడ్?"

"పాపం, చెంచా కూడా కదిలేది కాదు. రెండు వారాలకే పంపించేశారుగా."

"నేను వాయిస్తే?"

అమ్మ స్టవ్ వైపు తిరిగింది.

"ఏదీ మోగలేదు."

"ఒక్కటి కూడానా?"

"నువ్వు మొదలుపెట్టకముందే అన్నీ దించి కార్పెట్ మీద పెట్టేశానే. నీదీ టాడ్‌లా అవుతుందేమోనని భయమేసింది."

చెల్లెలు మెట్ల వైపు కదిలింది.

"ఇంకొక్కసారి వింటారా అని వాళ్ళని అడుగుతా. గిన్నెలు పైన పెట్టమ్మా."

అమ్మ ఒక్కొక్కటే అందుకుంది. కింద ఇంకా ఎవరూ ఏమీ వాయించడం లేదు. అయినా ఆమె చేతుల్లో గిన్నెలు మోగుతూనే ఉన్నాయి.